పాత కంప్యూటర్‌కి పెట్టిన బొట్టు

మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది, లినక్స్ అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండిపోయేది. సవతి పేరు విన్నట్టుండేది. పొద్దున లేస్తే అదే గోల, అన్నం దగ్గర కూర్చుంటే అదే గోల. ఫరీదాబాద్‌లో మా ఫ్లాటు చిన్నది, ఏ గదిలో ఎవరు నిట్టూర్చినా వంటింట్లోకి వినిపిస్తుంది.

నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. మా మంత్రిత్వ శాఖలో జనరల్ సెక్షన్ నాది. ఫ్యాను తిరగకపోయినా, కుర్చీ కాలు విరిగినా, ఏ ఆఫీసరు గారి కంప్యూటర్ మొండికేసినా ఫిర్యాదు నా దగ్గరికే వస్తుంది. రిజిస్టర్‌లో రాసుకుని, కాంట్రాక్టు మీద వచ్చే ఇంజనీర్‌ని పంపిస్తాను. నేను స్వయంగా బాగుచేసేదేమీ లేదు. ఎప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, ఏం చేస్తుంటే ఆగింది అని మూడు గళ్లు నింపడమే నా పని.

మా ఆయన గుర్‌గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవై రెండేళ్లు చేశారు. మొదట్లో ప్రోగ్రాములు రాసేవారు. తరవాత మేనేజరై, రాసేవాళ్ల చేత రాయించేవారు. ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేశారట. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సోఫాలో కూర్చుని ఉన్నారు. రోజూ భుజాన వేలాడే లాప్‌టాప్ బ్యాగు లేదు. "తీసేసుకున్నారు," అన్నారు. లాప్‌టాప్ గురించి అనుకున్నాను నేను.

నా జీతం ఉంది కాబట్టి ఇల్లు నడిచిపోయింది. మనిషే నడవలేదు. దసరా లోపల నాలుగు ఇంటర్వ్యూలకి వెళ్లారు. నాలుగు చోట్లా ఒకే మాట అడిగారట: మీరు స్వయంగా, మీ చేతులతో ఏం చేస్తారు?

"పదిహేనేళ్లుగా మీటింగులు చేశానోయ్," అన్నారు ఒకరోజు, కంచంలో అన్నం కెలుకుతూ. "చేత్తో చేసిన పని చెప్పమంటే ఏం చెప్పను?"

డిసెంబరులో ఎవరో పాత స్నేహితుడు చెప్పాడట, సర్వర్లు చూసుకునే ఉద్యోగాలున్నాయి, లినక్స్ వస్తే చాలు అని. ఈయన కాలేజీ రోజుల్లో నేర్చుకున్నదే. అంతే, బాల్కనీ పక్క గదిలో మూలన పడి ఉన్న డెస్క్‌టాప్ దుమ్ము దులిపారు. అది మా అమ్మాయి ఒకటో క్లాసులో ఉండగా కొన్నది. ఇప్పుడు ఆ పిల్ల ఢిల్లీలో ధౌలా కువాన్ దగ్గర డిగ్రీ చదువుతూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. అంత ముసలి డబ్బా మరి. దాన్ని నడిపే పాత సిస్టమ్ తీసేసి, దాని స్థానంలో లినక్స్ ఎక్కించి, దాని మీద అభ్యాసం చేస్తానన్నారు.

మొదటిరోజు ఉత్సాహంగానే మొదలైంది. పెన్‌డ్రైవ్ గుచ్చారు, తెర మీద బొమ్మ వచ్చింది, కింద ఒక గీత నెమ్మదిగా నిండుతూ పోయింది. మూడో వంతు దాటాక ఆగిపోయింది. ఆపి, మళ్లీ మొదలెట్టారు. ఈసారి సగం దాటి ఎర్ర అక్షరాలు వచ్చాయి. మర్నాడు పెన్‌డ్రైవ్ మార్చారు. ఆ మర్నాడు ఫైలు మొత్తం మళ్లీ దింపుకున్నారు. ఇంకోరోజు నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. పాత యంత్రాలకి సరిపడే చిన్న రకం ఉందట, అదీ తెచ్చారు. అది అన్నిటికన్నా ముందే చతికిలబడింది.

వారం తిరిగేసరికి గడ్డం పెరిగింది. స్నానం మధ్యాహ్నానికి జరిగింది. ఫోన్ మోగితే ఎత్తడం మానేశారు.

నాకు తిక్క రేగింది. "ఓరి నాయనో, ఈ డబ్బాతో మీకేం పనండీ? రేపు ఆదివారం వెళ్లి కొత్త లాప్‌టాప్ తెచ్చుకుందాం. దాంట్లో ఎక్కించుకోండి మీ లినక్సో గినక్సో."

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇది ఎక్కించలేనివాడు కొత్తది కొని ఏం పొడుస్తాడు?" అన్నారు. గొంతు మార్చకుండా, "ఒకటి చెబుతున్నా విను. ఈ డబ్బాలో ఇది ఎక్కించలేకపోతే ఇంక నేను ఇంటర్వ్యూలకి వెళ్లను. నా వల్ల కాదని ఒప్పేసుకుంటాను," అన్నారు.

వేరే ఎవరైనా అంటే, పోనీలే, విసుగులో అన్నాడు అనుకునేదాన్ని. ఈయన అలాంటి మనిషి కాదు. సిగరెట్ మానేస్తానని ఒక మంగళవారం అన్నారు, బుధవారం నుంచి ముట్టలేదు. సొంత అన్నగారితో మాట్లాడనని ఒకసారి అన్నారు, తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. యాభై ఏళ్లయినా నిండని మనిషి, ఈ గదిలో ఈ కుర్చీలో ఇలాగే కూర్చుండిపోతాడా అని భయమేసింది. ఆ మాట అమ్మాయికి ఫోన్లో చెప్పాను. తెలుగులో చెబితే హిందీలో జవాబిచ్చే పిల్ల అది. "మమ్మీ, పాపా కో ఖుద్ కర్నే దో నా," అంది. ఆయన్నే చేసుకోనీ అని. "నీకేం తెలుసే ఇక్కడ నా అవస్థ," అని ఫోన్ పెట్టేశాను.

ఆ రోజు నుంచి ఆఫీసు అలవాటు ఇంట్లోనూ మొదలైంది. నా టిఫిన్ సంచిలో చిన్న నోట్‌బుక్కు ఒకటి ఉంటుంది. గీత ఎక్కడ ఆగిపోయిందో తెర మీద శాతం కనిపిస్తుంది కదా, అది రాసుకునేదాన్ని. ముప్పై ఎనిమిది. అరవై ఒకటి. పన్నెండు. నల్ల తెర. మళ్లీ అరవై ఒకటి కాదు, నలభై నాలుగు. ఆయనకి చెప్పలేదు. ఆయన ఒక్కో తప్పునీ ఒక్కో కొత్త తప్పుగా చూసి, దాని అక్షరాలు గూగుల్‌లో కొట్టి, దాని వెంట పడిపోయేవారు. నిన్నటి తప్పు ఇవాళ గుర్తుండేది కాదు.

మా ఆఫీసు ఇంజనీర్ బల్లభ్‌గఢ్ మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఒక్కోరోజు ఒకే మెట్రోలో వస్తాం. ఒక పొద్దున సీటు దొరికితే పక్కన కూర్చుని ఆ నోట్‌బుక్కు చూపించాను. ఇంటి కంప్యూటర్ అని చెప్పాను గానీ మా ఆయన సంగతి చెప్పలేదు.

ఇంజనీర్ ఒక్క నిమిషం చూశాడు. "మేడమ్‌జీ, హర్ బార్ అలగ్ జగహ్ అటక్ రహా హై. యే తో ర్యామ్ హై," అన్నాడు.

ఆగేది ఒకే చోట అయితే ఫైలులోనో, ఏదో ఒక భాగంలోనో తప్పు. ప్రతిసారీ వేరే చోట ఆగితే ర్యామ్ అట. పని జరుగుతున్నంతసేపూ కంప్యూటర్ అన్నిటినీ చేత్తో పట్టుకునే చోటు అది. చెయ్యి వణుకుతుంటే ఎప్పుడు ఏది జారుతుందో చెప్పలేం కదా, అలాగట. ఏం చెయ్యాలని అడిగితే నవ్వాడు. "బచ్చోఁ వాలా రబడ్ లో, దాంత్ ఘిస్ దో, వాపస్ లగా దో." పిల్లల రబ్బరుతో ఆ ర్యామ్ పలక పళ్లు రుద్ది, తిరిగి పెట్టేయమని. మా ఆఫీసులో సగం ఫిర్యాదులు తాను తీర్చేది అలాగేనట.

రెండు రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగాను. శనివారం పొద్దున ఆయన్ని పోరి పోరి కటింగ్‌కి పంపించాను. తలుపు మూసుకున్న చప్పుడు వినగానే ఆ గదిలోకి వెళ్లి, ప్లగ్గు పీకి, డబ్బా పక్క రేకు తీశాను. దానికి మరలు ఎప్పుడో పోయాయి, చేత్తో లాగితే వచ్చేస్తుంది. లోపలికి తొంగి చూశాను.

ఫ్యాను మీద బొట్టు. తీగల కట్ట మీద బొట్టు. నిలువుగా గుచ్చి ఉన్న ఆ పచ్చ ర్యామ్ పలకల మీద కూడా, అంచు వరకూ కారి ఎండిపోయిన గంధం, కుంకుమ.

నేనే పెట్టాను. దసరాకి ఆయుధ పూజలో కుట్టు మిషనుకీ, మిక్సీకీ, స్కూటరుకీ పెడతాం కదా, ఏటా కంప్యూటర్‌కీ పై రేకు మీద పెడతాను. ఆ ఏడాది ఉద్యోగం పోయి రెండు నెలలైంది. ఆయన తిండి దానిలోంచే వచ్చింది, పై రేకు మీద పెడితే ఏం చాలుతుంది, లోపల పెట్టాలి అనిపించింది. రేకు తీసి, గంధం తడిలో కుంకుమ అద్ది, భక్తిగా ఒక్కో భాగానికీ పెట్టాను. ఆయనకి మళ్లీ ఉద్యోగం ఇప్పించు తల్లీ అని దండం కూడా పెట్టుకున్నాను. నా భక్తి మండిపోనూ! అప్పట్నుంచీ ఆ డబ్బా ఎప్పుడైనా ఆన్ చేస్తే మొరాయించేది. ముసలిదైపోయిందిలే అనుకున్నాం ఇద్దరం.

పలకల్ని రెండు వైపులా క్లిప్పులు నొక్కి బయటికి తీశాను. కింది అంచున బంగారు రంగు పళ్లుంటాయి. ఒకదాని పళ్ల మధ్య ఎర్రగా పక్కు కట్టి ఉంది. అమ్మాయి పాత పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు తెచ్చి రుద్దాను. పలకలు కూర్చునే గాడిని పొడి టూత్‌బ్రష్షుతో దులిపాను. తడిగుడ్డ జోలికి మాత్రం పోలేదు, ఆ మాత్రం తెలివి అప్పుడు వచ్చింది. తిరిగి పెట్టి స్విచ్చి వేస్తే మూడు సార్లు కీచుమని అరిచి ఊరుకుంది. నాకు చెమటలు పట్టాయి, జనవరి చలిలో. మళ్లీ తీసి, బొటనవేళ్లతో గట్టిగా నొక్కాను. టక్కుమని కూర్చుంది. ఈసారి తెర వెలిగింది. ఆపేసి, రేకు మూసి, వంటింట్లోకి వచ్చి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను, ఏమీ ఎరగనట్టు.

ఆయన వచ్చారు. స్నానం చేశారు. కటింగ్ షాపులో కూర్చుని ఫోన్లో ఏదో చదివారట, మొదలయ్యేటప్పుడు ఒక ఆదేశం అదనంగా రాస్తే పాత తెరలతో గొడవ రాదని. "ఇదొక్కటీ చూస్తాను," అని ఆ గదిలోకి వెళ్లారు.

గంట తరవాత అరుపు. "ఇదిగో! రావోయ్! ఎక్కింది!"

ఆగస్టు తరవాత ఆయన గొంతు అలా వినడం అదే. వెళ్లి చూస్తే తెర మీద కొత్త రంగులు, పక్కన ఈయన, కొత్తగా కత్తిరించిన తలతో, పదో క్లాసు పాసైన పిల్లాడిలా నవ్వుతూ. ఆ పూట చిక్కుడుకాయ కూర మూడు సార్లు వడ్డించుకున్నారు. తింటున్నంతసేపూ నాకు పాఠం చెప్పారు. తప్పంతా తెర బొమ్మలు గీసే భాగానిదట, అందుకే ఆ ఒక్క ఆదేశంతో దారికొచ్చిందట. "ర్యామ్ మీద కూడా చిన్న అనుమానం ఉండేది. ఇందాక పరీక్ష నడిపి చూశాను. ఒక్క తప్పు లేదు," అన్నారు.

నేను గంగిరెద్దులా తలూపాను. చెప్పేస్తే ఆ మొహం మళ్లీ ఆరిపోతుందని చెప్పలేదు. అదొక్కటే కారణమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. రెండో కారణం, చెప్పాలంటే బొట్టు సంగతి చెప్పాలి. ఆయన మూడు వారాల నరకం నా చేతి చలవే అని ఒప్పుకోవాలి. దానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ తరవాత నెల రోజులు ఆయన రోజూ తొమ్మిదింటికల్లా గడ్డం గీసుకుని, ఆఫీసుకి వెళ్లేవాళ్లలా ఆ కుర్చీలో కూర్చున్నారు. ఫిబ్రవరి చివర్లో నోయిడా నుంచి పిలుపొచ్చింది. సర్వర్లు ఆగిపోతే ఎందుకు ఆగాయో కనిపెట్టే ఉద్యోగం. ఫోన్లో మొదటి ఇంటర్వ్యూ అయింది, రెండోదానికి రమ్మన్నారు.

ఆ పొద్దున ఉప్మా పెట్టాను. ఇస్త్రీ చొక్కా మీద పడకుండా తువ్వాలు కప్పుకుని తింటున్నారు. "స్వయంగా తీర్చిన సమస్య ఒకటి చెప్పమంటారు, ఖాయం. ఈసారి నా దగ్గర ఉంది. మన డబ్బా కథ చెబుతాను," అన్నారు. మొత్తం చెప్పి వినిపించారు: ఎన్నిసార్లు ఆగింది, ఏమేం మార్చారు, చివరికి ఏది పట్టుకున్నారు. "ఎలా ఉంది?"

నా చేతిలో గరిటె ఉంది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడూ లేదు అని తెలుసు. గుమ్మం దాటబోయే మనిషికి ఇది చెబితే అసలు వెళ్లరేమో అనిపించింది. "బావుందండీ. ఇంకొంచెం వేయనా?" అన్నాను.

సాయంత్రం నేను వచ్చేసరికి బూట్లతోనే సోఫాలో కూర్చుని ఉన్నారు. టీ పెట్టి ఇచ్చాను. తాగలేదు. అడగకుండానే చెప్పారు.

లోపల ముగ్గురున్నారట. ఇద్దరు విని తలూపారట. మూడో ఆమె, చిన్నమ్మాయి, మన అమ్మాయి కన్నా ఓ ఆరేడేళ్లు పెద్దదేమో, ఆపిందట. తెర భాగం తప్పయితే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి కదా సర్, ఇలా వేరే వేరే చోట్ల ఆగితే ముందు ర్యామ్ చూస్తాం కదా అని. చూశాను, బాగుంది అన్నారట ఈయన. ఎప్పుడు చూశారు, ఎక్కించక ముందా, తరవాతా? తరవాత. మరి ముందు పాడై ఉండలేదని ఎలా చెప్పగలరు సర్?

"మధ్యలో ఎవరూ డబ్బా ముట్టుకోలేదు, ర్యామ్ దానంతటది బాగుపడుతుందా అన్నాను. గొంతు పెంచాను కూడా. నా కళ్లతో చూశాను, మీరు పుస్తకాల్లో చదివి చెబుతున్నారు అన్నాను." ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వంకే చూస్తున్నారు. "ఠీక్ హై సర్ అంది. అయిపోయింది. దార్లోనే వద్దని మెయిల్ వచ్చింది. మెట్రోలో వస్తూ ఆలోచించాను. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు కనపడలేదు. నేను చూసినదాంట్లోనూ తప్పు కనపడలేదు. రెండూ ఎలా నిజమవుతాయోయ్? నాకేమైనా బుర్ర పనిచెయ్యడం మానేసిందా?"

ఇంక ఉండలేకపోయాను. నిలబడే చెప్పేశాను. దసరా, గంధం, కుంకుమ, నోట్‌బుక్కు, మెట్రోలో ఇంజనీర్, రబ్బరు, అన్నీ. చెబుతూ ఏడ్చేశాను.

టీ మీద మీగడ కట్టింది.

"ఎప్పుడు చేశావు?"

"మీరు కటింగ్‌కి వెళ్లిన శనివారం."

"అంటే పొద్దున నేను ఉప్మా తింటూ చెబుతున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

బొట్టు పెట్టినందుకు నాలుగు తిడతారనుకున్నాను. తిడితే బావుండునని కూడా అనుకున్నాను. ఆ సంగతే ఎత్తలేదు. "ఆ అమ్మాయి సరిగ్గానే అడిగింది. నేనే అరిచి వచ్చాను," అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు.

"మీరు ఇంకా కుంగిపోతారని భయమేసిందండీ. అందుకే చెయ్యి పెట్టాను," అన్నాను.

అప్పుడు తలెత్తి చూశారు. కోపం లేదు ఆ చూపులో. అలసట ఉంది. "నువ్వు రబ్బరు పట్టుకోనక్కర్లేదు. ప్రతిసారీ వేరే చోట ఆగుతోందండీ అని ఆ ఒక్క ముక్క వచ్చి నాతో అని ఉంటే చాలు. మిగతాది నేను పట్టుకునేవాణ్ణి," అన్నారు.

నిజమే, పట్టుకునేవారు. ఆ ఇంటర్వ్యూల్లో ఎవరూ అనకముందే, ఆయన కూడా అనుకోకముందే, ఇది ఈయన వల్ల కాదని తీర్మానించుకున్నది నేను. ఆ మాట మాత్రం ఆయనతో ఇప్పటికీ అనలేదు.